జర్మన్ వ్యాకరణంలో సమాపక, అసమాపక క్రియలు

జర్మన్ క్రియారూపాలు రెండు తెగలు. పని చేసేది నేనా, నువ్వా, వాళ్లా అన్నదీ, ఒకరా పలువురా అన్నదీ, పని ఎప్పటిదన్నదీ, చెప్పేవాడు దాన్ని నిజమని చెబుతున్నాడా ఊహగా చెబుతున్నాడా అన్నదీ తన రూపంలోనే చూపించేది సమాపక క్రియ. ఈ గుర్తులు లేకుండా పని పేరునో, జరుగుతున్న స్థితినో, ముగిసిన స్థితినో మాత్రం చెప్పేది అసమాపక క్రియ. జర్మన్ వ్యాకర్తలు వీటిని ఫీనిట్, ఇన్‌ఫీనిట్ రూపాలంటారు. బడి పుస్తకాల్లో సమాపక క్రియకు పెర్జోనాల్‌ఫోర్మ్ అన్న పేరు కూడా ఉంది.

తెలుగు వ్యాకరణం చదువుకున్నవారికి ఈ విభజన కొత్తది కాదు. వచ్చాడు, వస్తాం, రాలేదు సమాపకాలు. వచ్చి, వస్తూ, వస్తే, వచ్చినా అసమాపకాలు. పేర్లు ఒకటే అయినా ఈ రెండు తెగలూ పని పంచుకునే తీరు జర్మన్‌లో వేరు. అక్కడ ఈ తేడా క్రియల పట్టికతో ఆగదు, వాక్యం కట్టుబడి మొత్తం దీని మీదే నిలుస్తుంది. సమాపక క్రియ ఏ చోట నిలిచిందో చూస్తే చాలు, అది మామూలు వాక్యమో, ప్రశ్నో, ఉపవాక్యమో తెలిసిపోతుంది. అసమాపక రూపాలు మాత్రం దాదాపు ఎప్పుడూ వాక్యం చివరనే ఉంటాయి.

(ఈ వ్యాసంలో జర్మన్ మాటలను ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా తెలుగు లిపిలో రాశాం.)

సమాపక రూపాలు

నేర్చుకోవడం అనే అర్థమున్న లెర్నెన్ క్రియను చూద్దాం. వర్తమానంలో ఇష్ లెర్నె (నేను), డూ లెర్న్‌స్ట్ (నువ్వు), ఎర్ లెర్న్ట్ (అతను), వీర్ లెర్నెన్ (మేము), ఈర్ లెర్న్ట్ (మీరు), జీ లెర్నెన్ (వాళ్లు). గౌరవంగా మీరు అనడానికి కూడా వాళ్లు అనే రూపాన్నే వాడతారు. పురుషలు మూడు, వచనాలు రెండు, అంటే ఆరు గదులు. కానీ వాటిలో వేర్వేరుగా వినపడే రూపాలు నాలుగే. తెలుగులో వస్తాను, వస్తావు అన్నప్పుడు కర్తను వదిలేసినా ఎవరో తెలుస్తుంది. జర్మన్ ప్రత్యయాలకు ఆ బలం చాలదు, అందుకే ఇష్, వీర్ వంటి సర్వనామాలను వదలరు.

ఒకే మాటలో చెప్పగలిగే కాలాలు రెండే: వర్తమానం, భూతం. లెర్నె, లెర్న్‌టె. బడి వ్యాకరణాలు ఆరు కాలాలు చెబుతాయి గాని మిగిలిన నాలుగూ సంయుక్త రూపాలు. హాబెన్, జైన్, వేర్డెన్ అనే సహాయక క్రియల్లో ఒకటి సమాపకంగా నిలిచి పురుషనూ కాలాన్నీ మోస్తుంది, అసలు అర్థమున్న క్రియ అసమాపకంగా వెనక ఉంటుంది. ఇష్ హాబె గెలెర్న్ట్ అంటే నేర్చుకున్నాను. ఇందులో హాబె సమాపకం, గెలెర్న్ట్ అసమాపకం. అర్థం ఒకచోట, వ్యాకరణ భారం మరోచోట ఉండే ఈ పంపకమే జర్మన్ క్రియ స్వభావం.

భూతకాలం చేసే పద్ధతులు రెండు. లెర్నెన్ లాంటివి ధాతువుకు 'టె' చేర్చుకుంటాయి. జింగెన్ (పాడు) లాంటివి ప్రత్యయం జోలికి పోకుండా లోపలి అచ్చును మార్చుకుంటాయి: జింగెన్, జాంగ్, గెజుంగెన్. మొదటి రకానికి బలహీన క్రియలనీ రెండోదానికి బలమైన క్రియలనీ పేరుపెట్టింది యాకోబ్ గ్రిమ్. తమ్ముడు విల్‌హెల్మ్‌తో కలిసి జానపద కథలు సేకరించిన గ్రిమ్ ఈయనే. ఆయన డాయిచె గ్రమాటిక్ మొదటి సంపుటం 1819లో వచ్చింది. బయటి సాయం లేకుండా తన అచ్చుతోనే భూతకాలాన్ని చెప్పగలదు కాబట్టి బలమైనదని ఆయన లెక్క. నేటి జర్మన్‌లో బలమైన క్రియలు రెండు వందలకు మించవు, కొత్తగా పుట్టే క్రియలన్నీ బలహీన వర్గంలోకే పోతాయి. అయినా వెళ్లు, రా, ఇవ్వు, తీసుకో, చూడు, తిను, తాగు వంటి రోజువారీ క్రియలన్నీ ఆ చిన్న గుంపులోవే. అందుకే వాటిని నోటికి పట్టకుండా భాష రాదు.

వీటిలో చాలా క్రియలు వర్తమానంలో కూడా నువ్వు, అతను రూపాల్లో అచ్చు మార్చుకుంటాయి. ఫారెన్ (బండిలో వెళ్లు) అన్నది ఎర్ ఫేర్ట్ అవుతుంది, గేబెన్ (ఇవ్వు) అన్నది ఎర్ గీప్ట్ అవుతుంది. ఉండుట అనే జైన్ క్రియ ఇంకా విడ్డూరం. బిన్, ఇస్ట్, వార్ అనే దాని రూపాలు పూర్వం వేర్వేరు ధాతువులకు చెందినవి, కాలక్రమంలో ఒకే క్రియగా కలిసిపోయాయి.

చేయగలగడం, చేయాల్సి ఉండడం, చేయవచ్చు వంటి అర్థాలిచ్చే క్యోనెన్, మ్యూసెన్, డ్యూర్ఫెన్, జోలెన్ వర్గంలో మరో విశేషం ఉంది. ఎర్ లెర్న్ట్ అన్నప్పుడు ఉండే 'ట్' వీటికి అతుకదు. ఇష్ కాన్ (నేను చేయగలను), ఎర్ కాన్ (అతను చేయగలడు) రెండూ ఒకటే రూపం. ఒకప్పటి భూతకాల రూపాలే వర్తమానార్థంలో స్థిరపడిపోవడం దీనికి కారణం. బలమైన క్రియల భూతకాలంలో నేను, అతను రూపాలకు తేడా లేదు, ఆ లక్షణం వీటిలో మిగిలింది.

సమాపక క్రియ మోసే భారాల్లో తెలుగు పాఠకుడికి ఎక్కువ ఆసక్తి కలిగించేది కొన్‌యుంక్‌టీఫ్. ఇందులో రెండు రకాలు. మొదటిది ఇతరుల మాటను మన పూచీ లేకుండా చేరవేయడానికి. మంత్రికి జబ్బు చేసింది అని పత్రిక తన మాటగా రాస్తే 'ఇస్ట్' వాడుతుంది. తనకు జబ్బు చేసిందని మంత్రి చెబుతున్నాడు, నిజానిజాలతో మాకు పనిలేదు అనాలంటే 'జై' అని రాస్తుంది. తెలుగులో 'అట' చేసే పనిని అక్కడ క్రియ రూపంలోని మార్పు చేస్తుంది. జర్మన్ పత్రికల్లో ఒక ప్రకటనను నివేదించే పేరా మొత్తం ఈ రూపాల్లోనే నడవవచ్చు, ప్రతి వాక్యంలో 'అని ఆయన అన్నారు' అని తగిలించే అవసరం ఉండదు. రెండో రకం జరగని దాన్ని ఊహించడానికి: వేరె (ఉండి ఉంటే), హెట్టె (కలిగి ఉంటే), కేమె (వస్తే, కానీ రాడు). మాట్లాడేటప్పుడు అచ్చం ఈ రూపాలు కొన్ని క్రియలకే మిగిలాయి. మిగతావాటికి వ్యుర్డె అనే సమాపకం ముందు పెట్టి అసలు క్రియను, పని పేరు మాత్రం చెప్పే ఇన్ఫినిటివ్‌లో వాడతారు. పంపకం ఇక్కడా అదే.

ఆజ్ఞార్థక రూపాలను ఎటు చేర్చాలన్నది వ్యాకర్తల మధ్య నలిగే ప్రశ్న. కొమ్! (రా), గీప్! (ఇవ్వు) అన్నవాటికి కాలం లేదు, పురుషభేదం లేదు. కానీ ఏకవచన బహువచనాలు వేరు, పైగా వాక్యానికి తలగా ఒంటరిగా నిలబడగలవు. ఎక్కువమంది వీటిని సమాపకాల్లోనే లెక్కిస్తారు, కొందరు సగం సమాపకమని ఊరుకుంటారు. వాక్యంలో నిలిచే చోటును బట్టి చూస్తే మొదటివారి మాటే సబబు.

రెండో చోటు

ఒక వాక్యాన్ని దగ్గరగా చూస్తే ఈ విషయం తేటపడుతుంది. మైనె ష్వెస్టర్ హాట్ గెస్టర్న్ ఇమ్ క్రాంకెన్‌హౌస్ ఐనెన్ ఆల్టెన్ ఫ్రోయింట్ గెట్రొఫెన్. మా అక్క నిన్న ఆస్పత్రిలో ఒక పాత స్నేహితుణ్ణి కలిసింది అని అర్థం. మైనె ష్వెస్టర్ (మా అక్క) మొదటి ముక్క. వెంటనే రెండో చోట హాట్ అనే సమాపకం. తర్వాత నిన్న, ఆస్పత్రిలో, పాత స్నేహితుణ్ణి. అన్నిటి తర్వాత గెట్రొఫెన్ అనే అసమాపకం. వినేవాడికి ఆమె ఏంచేసిందో ఆఖరి మాట దాకా తెలియదు.

ఇప్పుడు 'నిన్న' అన్నదాన్ని ముందుకు తెద్దాం: గెస్టర్న్ హాట్ మైనె ష్వెస్టర్... అక్క వెనక్కి జరిగింది, హాట్ జరగలేదు. 'ఆస్పత్రిలో' అన్నదాన్ని ముందుకు తెచ్చినా, 'పాత స్నేహితుణ్ణి' తెచ్చినా అంతే. ముందు ఒక్క ముక్క ఉండాలి, అది ఏదైనా సరే, రెండోది సమాపక క్రియ. ఆ ముందు ముక్క తీసేసి హాట్‌తో మొదలుపెడితే ప్రశ్న: హాట్ మైనె ష్వెస్టర్ గెస్టర్న్...? వైల్ (ఎందుకంటే) అనే సముచ్చయంతో ఉపవాక్యం చేస్తే హాట్ రెండో చోటు వదిలి చిట్టచివరికి పోతుంది: వైల్ మైనె ష్వెస్టర్ ... ఐనెన్ ఆల్టెన్ ఫ్రోయింట్ గెట్రొఫెన్ హాట్. ఈ మూడు చోట్ల మధ్య కదిలేది సమాపకం ఒక్కటే. గెట్రొఫెన్ ఉన్నచోటనే ఉంది.

సమాపకానికీ చివరి అసమాపకానికీ మధ్య వాక్యం మొత్తం ఇమిడిపోయే ఈ ఏర్పాటును జర్మన్‌లో జాట్స్‌క్లమర్ అంటారు, వాక్య కుండలీకరణం అనుకోవచ్చు. కుండలీకరణానికి ముందు, లోపల, తర్వాత అని వాక్యాన్ని మూడు క్షేత్రాలుగా చూసే పద్ధతి ఎరిష్ డ్రాఖ్ రచనతో స్థిరపడింది. ఆయన మరణానంతరం 1937లో అచ్చయిన ఆ పుస్తకం చిన్నది గాని, ఈనాటికీ జర్మన్ వాక్య నిర్మాణ పాఠాలు దాని మీదే నడుస్తున్నాయి. రెండో చోటు నియమం డచ్, స్వీడిష్, డేనిష్ వంటి తోబుట్టు భాషల్లోనూ ఉంది. ఇంగ్లిష్ మాత్రం దాన్ని చాలావరకు పోగొట్టుకుంది.

కుండలీకరణం మూతపడటానికి అసమాపకమే కావాలని లేదు. విడిపోయే ఉపసర్గ కూడా ఆ పని చేస్తుంది. ఆన్‌రూఫెన్ అంటే ఫోన్ చేయడం. ఇష్ రూఫె డిష్ మోర్గెన్ ఆన్ (రేపు నీకు ఫోన్ చేస్తాను) అన్నప్పుడు సమాపక భాగం రెండో చోటికి పోయి, ఉపసర్గ చివర మిగిలిపోతుంది. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1880లో తన యాత్రాగ్రంథానికి అనుబంధంగా జర్మన్ భాష మీద రాసిన హాస్యవ్యాసంలో ఈ విడిపోయే క్రియలతో కూడా ఆడుకున్నాడు. విడిపోవడం అర్థాన్ని తలకిందులు చేసే సందర్భాలూ ఉన్నాయి. ఉమ్‌ఫారెన్‌ను ధాతువు మీద ఊనిక పెట్టి పలికితే అడ్డొచ్చినదాన్ని తప్పించుకుని చుట్టూ తిరిగిపోవడం, ఉపసర్గ విడిపోదు. ఉపసర్గ మీద ఊనిక పెట్టి పలికితే ఢీకొట్టి పడేయడం, ఉపసర్గ విడిపోతుంది. ఇష్ ఉమ్‌ఫారె డేన్ బౌమ్ అంటే చెట్టును తప్పించుకుంటాను. ఇష్ ఫారె డేన్ బౌమ్ ఉమ్ అంటే చెట్టును గుద్ది కూలుస్తాను.

రూపం ఒక్కటే చూసి సమాపకమో అసమాపకమో తేల్చలేని సందర్భాలు చాలా ఉన్నాయి. వీర్ లెర్నెన్‌లోని లెర్నెన్ సమాపకం, వీర్ వోలెన్ లెర్నెన్ (నేర్చుకోవాలనుకుంటున్నాం) అన్నప్పుడు అసమాపకం. డబ్బు చెల్లించడం అనే బెట్సాలెన్‌కు బెట్సాల్ట్ అనే రూపం అతను చెల్లిస్తాడు అన్నచోటా వస్తుంది, మీరు చెల్లిస్తారు అన్నచోటా వస్తుంది, చెల్లించిన అన్నచోటా వస్తుంది. చదివేవాడికి దారి చూపేది చోటే. రెండో చోట ఉంటే సమాపకం, అక్కడ మరో క్రియ ఉండి ఇది చివరన ఉంటే అసమాపకం.

పసిపిల్లల భాష దీనికి గట్టి సాక్ష్యం. రెండేళ్ల వయసులో జర్మన్ పిల్లలు సమాపక క్రియ వాడాల్సిన చోట తరచు ఇన్ఫినిటివ్ వాడతారు. డేవిడ్ పోపెల్, కెనెత్ వెక్స్లర్ 1993లో ప్రచురించిన పరిశీలనలో ఒక పిల్లవాడి మాటలను విడదీసి చూశారు. సమాపక రూపం వాడినప్పుడు ఆ పిల్లవాడు దాన్ని దాదాపు ఎప్పుడూ రెండో చోటే పెట్టాడు, ఇన్ఫినిటివ్ వాడినప్పుడు చివరన పెట్టాడు. ప్రత్యయాలన్నీ పట్టుబడకముందే ఏ రూపానికి ఏ చోటో పిల్లలకు తెలిసిపోతోంది.

అసమాపక రూపాలు

నిఘంటువులో క్రియ కనిపించే రూపం ఇన్ఫినిటివ్. అది 'ఎన్' తోనో, జైన్ (ఉండు), టూన్ (చేయు), వాండెర్న్ (కాలినడకన తిరుగు) వంటి వాటిలో వట్టి 'న్' తోనో ముగుస్తుంది. క్యోనెన్ వర్గం క్రియలతోనూ, చూడు, విను, వదులు, వెళ్లు వంటి కొన్నిటితోనూ అది నేరుగా వస్తుంది. మిగతా క్రియల పక్కన దాని ముందు 'త్సు' చేరాలి: ఇష్ ఫెర్‌జూఖె త్సు లెర్నెన్, నేర్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. విడిపోయే క్రియల్లో ఈ త్సు మధ్యలో దూరుతుంది, ఆన్‌రూఫెన్ కాస్తా ఆన్‌త్సురూఫెన్ అవుతుంది. ఉమ్... త్సు అంటే చేయడం కోసం, ఓనె... త్సు అంటే చేయకుండా, ష్టాట్... త్సు అంటే చేసే బదులు.

అసమాపకానికి కాలం అసలే లేదనుకోవడం సరికాదు. గెలెర్న్ట్ త్సు హాబెన్ అంటే నేర్చుకుని ఉండటం. ముందు జరిగినదన్న సూచన అందులో ఉంది, కర్మణి రూపం కూడా చేసుకోవచ్చు. లేనిదల్లా ఎవరు, ఎందరు అన్నదీ, నిజమా ఊహా అన్నదీ. కర్త ఎవరో పక్కనున్న క్రియను బట్టి ఊహించుకోవాలి. ఇష్ ఫెర్‌ష్ప్రెషె డీర్, ఫ్రూ త్సు కొమెన్ అంటే తొందరగా వస్తానని నీకు మాటిస్తున్నాను, వచ్చేది నేను. ఇష్ బిట్టె డిష్, ఫ్రూ త్సు కొమెన్ అంటే తొందరగా రమ్మని నిన్ను కోరుతున్నాను, వచ్చేది నువ్వు. ఇన్ఫినిటివ్‌లో అక్షరం తేడా లేదు.

పార్టిట్సిప్ అనే రూపాలు రెండు. మొదటిది ఇన్ఫినిటివ్‌కు 'డ్' చేర్చగా వచ్చేది: లాఖెంట్, నవ్వుతూ. జీ కామ్ లాఖెంట్ ఇన్స్ త్సిమర్ అంటే నవ్వుతూ గదిలోకి వచ్చింది. మన శత్రర్థకానికి దగ్గరి చుట్టం. రెండోది ముగిసిన పనిని చెప్పేది: గెలెర్న్ట్, గెజుంగెన్, గెట్రొఫెన్. ముందున్న 'గె' క్రియ తొలి అక్షరం మీద ఊనిక ఉంటేనే వస్తుంది. ష్టుడీరెన్ (చదువు) లో ఊనిక వెనక ఉంది కాబట్టి గె రాదు, ష్టుడీర్ట్ అంతే. ఫెర్‌ష్టేయెన్ (అర్థం చేసుకో) ఫెర్‌ష్టాండెన్ అవుతుంది. విడిపోయే ఉపసర్గ ఉంటే గె దాని తర్వాత దూరుతుంది: ఆన్‌గెరూఫెన్.

ఇన్ఫినిటివ్‌ను నామవాచకంగా వాడటం చాలా తేలిక. తల అక్షరాన్ని పెద్దగా రాసి, ముందు డాస్ పెడితే చాలు: డాస్ ఎసెన్ తినడం, అలాగే తిండి, డాస్ లేబెన్ జీవించడం, అలాగే జీవితం. ఆజ్ఞ ఇవ్వడానికి కూడా అసమాపకం పనికొస్తుంది. బెర్లిన్ భూగర్భ రైల్లో తలుపులు మూసే ముందు వినిపించే త్సురూక్‌బ్లైబెన్, బిట్టె (దయచేసి వెనక ఉండండి) అన్నది ఇన్ఫినిటివ్. వంట పుస్తకాల్లో ఉల్లిపాయలు తరగండి, వెన్నలో వేయించండి అని చెప్పేదీ ఇన్ఫినిటివ్‌లోనే. సైనిక కవాతులో నిటారుగా నిలబడమని చెప్పే ష్టిల్‌గెష్టాండెన్! అయితే పార్టిట్సిప్. ఫలానా మనిషిని ఉద్దేశించకుండా ఎవరైనా సరే ఈ పని చేయాలి అన్నప్పుడు, పురుషా వచనమూ లేని రూపం సరిగ్గా సరిపోతుంది.

ప్రథమా విభక్తి, సమాపక క్రియ

జర్మన్‌లో ప్రథమా విభక్తిలో కర్త ఉన్నదంటే దానికి జోడీగా సమాపక క్రియ ఉండి తీరాలి. అసమాపకానికి సొంత కర్తను ప్రథమలో పెట్టుకునే హక్కు మామూలుగా లేదు. అతను పాడటం వింటున్నాను అనడానికి ఇష్ హ్యోరె ఈన్ జింగెన్ అంటారు. పాడేది అతనే అయినా, అతన్ని అన్నట్టు ద్వితీయలో పెట్టాలి.

తెలుగు అసమాపకాలకు ఈ కట్టడి లేదు. వాన కురిస్తే పంటలు పండుతాయి అన్నప్పుడు 'కురిస్తే' అసమాపకం, అయినా 'వాన' దాని కర్తగా హాయిగా నిలబడింది. జర్మన్‌లో ఇది వెన్ అనే సముచ్చయంతో పూర్తి ఉపవాక్యం కావాలి, అందులో సమాపక క్రియ ఉండాలి. అలాగే ఇంటికి వెళ్లి, స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాను అని తెలుగువాడు మూడు క్త్వార్థకాలతో, ఒక్క సమాపకంతో ముగిస్తాడు. జర్మన్‌లో క్త్వార్థకం లాంటి రూపమే లేదు. వెళ్లాను, స్నానం చేశాను, తిన్నాను, పడుకున్నాను అన్నట్టు నాలుగు సమాపకాలు కావాలి. మన చేదర్థకం (వస్తే), అప్యర్థకం (వచ్చినా) చేసే పనులను అక్కడ సముచ్చయాలూ సమాపకాలూ చేస్తాయి.

నామానికి ముందు

ఒకచోట మాత్రం జర్మన్, తెలుగు వాక్యాలు చేయి చేయి కలిపి నడుస్తాయి. డీ ఇన్ డేన్ లెట్స్‌టెన్ యారెన్ ష్టార్క్ గెష్టీగెనెన్ ప్రైజె. మొదటి డీ అనే నిర్దేశకాన్ని పక్కన పెట్టి మాటకు మాట చూస్తే: గత కొన్నేళ్లలో బాగా పెరిగిన ధరలు. నామాన్ని వర్ణించే పరివారమంతా నామానికి ముందే వచ్చి, చివర పార్టిట్సిప్, ఆ వెంటనే నామం. ఇంగ్లిష్ వాళ్లకు ఊపిరాడనివ్వని ఈ నిర్మాణం తెలుగువాళ్లకు ఇంటి మాటలా తోస్తుంది. ప్రభుత్వ ఉత్తర్వులు, న్యాయస్థాన తీర్పులు, శాస్త్రవ్యాసాలు దీనితో నిండి ఉంటాయి. బిల్లుల మీద కనిపించే డేర్ త్సు త్సాలెండె బెట్రాక్ అంటే చెల్లించవలసిన మొత్తం. త్సుకు మొదటి పార్టిట్సిప్ కలిసి 'వలసిన' అన్న అర్థం ఇస్తుంది.

పోలిక ఎంత దగ్గరగా ఉన్నా ఒక గీత దాటదు. తెలుగులో 'చదివిన' అన్నదానికి హద్దు లేదు. నేను చదివిన పుస్తకం, పుస్తకం చదివిన అబ్బాయి, చదివిన గది, చదివిన రోజు అన్నీ చెల్లుతాయి. జర్మన్ రెండో పార్టిట్సిప్ సకర్మక క్రియదైతే కర్మనే వర్ణిస్తుంది. గెలేజెన్ (చదివిన) పుస్తకానికి అతుకుతుంది, అబ్బాయికి అతుకదు. డేర్ గెలేజెనె యుంగె అంటే అబ్బాయినే ఎవరో చదివేశారన్న అర్థం వస్తుంది. చదివిన అబ్బాయి కావాలంటే సమాపక క్రియతో ఉపవాక్యం కట్టాలి: డేర్ యుంగె, డేర్ డాస్ బూఖ్ గెలేజెన్ హాట్. అకర్మక క్రియల్లో పెరగడం, రావడం, చనిపోవడం వంటి స్థితి మార్పును చెప్పేవి కర్తను వర్ణించగలవు, నిద్రపోవడం, పనిచేయడం వంటివి వర్ణించలేవు. వర్ణించగలిగేవన్నీ సంయుక్త భూతకాలంలో హాబెన్‌కు బదులు జైన్‌ను సహాయకంగా తీసుకునే క్రియలే కావడం గమనించదగ్గది.

క్రియల గొలుసు

వాక్యం చివర ఒకటికి మించి అసమాపకాలు పోగైనప్పుడు వాటి మధ్య కూడా ఒక పాలన ఉంటుంది. దాన్ని మొదట స్పష్టంగా చూపినవాడు డెన్మార్క్ భాషాశాస్త్రవేత్త గున్నార్ బెక్. 1955, 1957లలో రెండు భాగాలుగా వెలువడ్డ ఆయన గ్రంథం జర్మన్ అసమాపక క్రియల మీదే. ప్రతి క్రియ తన కింద ఉన్న క్రియను ఒక నిర్దిష్ట స్థితిలో ఉంచుతుందనీ, ఆ స్థితులు మూడనీ ఆయన చెప్పాడు: వట్టి ఇన్ఫినిటివ్, త్సు కలిసిన ఇన్ఫినిటివ్, రెండో పార్టిట్సిప్. నామానికి విభక్తి ఎలాగో అసమాపకానికి ఈ స్థితి అలాగ. క్యోనెన్ మొదటి స్థితిని అడుగుతుంది, ఫెర్‌జూఖెన్ (ప్రయత్నించు) రెండోదాన్ని, హాబెన్ మూడోదాన్ని. విడివిడి నియమాలుగా బట్టీపట్టాల్సినవన్నీ ఒకే సూత్రంలోకి ఒదిగిపోయాయి. జర్మన్ వ్యాకరణ చరిత్రలో ఇంత పొదుపైన ఆలోచనలు అరుదు.

వైల్ ఎర్ డాస్ రాట్ రెపరీరెన్ లాసెన్ విల్ అన్న ఉపవాక్యంలో క్రియలు మూడు: బాగుచేయు, చేయించు, కోరు. తెలుగులో 'బాగుచేయించాలనుకుంటున్నాడు' అన్నదానిలో ముక్కల వరస కూడా అదే. చివరిది సమాపకం, అది తన ముందున్నదాన్ని పాలిస్తుంది, అది ఇంకా ముందున్నదాన్ని.

ఈ చక్కని వరసను చెడగొట్టే ఒక నియమం ఉంది, దాన్నే ఎర్జాట్స్‌ఇన్‌ఫినిటీఫ్ అంటారు. వైద్యుడు రోగిని పరీక్షించలేకపోయాడు అనే వాక్యంలో క్యోనెన్‌ను సంయుక్త భూతకాలంలో పెడితే, హాబెన్ మూడో స్థితిని అడుగుతుంది కాబట్టి గెకోన్ట్ రావాలి. రాదు. డేర్ ఆర్ట్‌స్ట్ హాట్ డేన్ పట్సియెంటెన్ నిష్ట్ ఉంటర్‌జూఖెన్ క్యోనెన్ అని పార్టిట్సిప్ చోట ఇన్ఫినిటివే నిలుస్తుంది. దీన్ని ఉపవాక్యం చేస్తే మరో వింత. చిట్టచివర ఉండాల్సిన సమాపకం హాట్, గొలుసు మొత్తాన్ని దాటి ముందుకు వస్తుంది: డాస్ డేర్ ఆర్ట్‌స్ట్ డేన్ పట్సియెంటెన్ నిష్ట్ హాట్ ఉంటర్‌జూఖెన్ క్యోనెన్. ఉపవాక్యంలో సమాపకం చివర అనే నియమానికి ప్రామాణిక జర్మన్‌లో ఇంత ప్రముఖమైన మినహాయింపు మరొకటి లేదు. రచయితలు సైతం ఇక్కడ తడబడతారు, చాలామంది భూతకాలపు ఒంటి రూపం కోన్‌టె వాడి తప్పుకుంటారు.

చరిత్ర

సుమారు 750 నుంచి 1050 వరకు నడిచిన ప్రాచీన ఉన్నత జర్మన్‌లో ఇన్ఫినిటివ్ నామంలా విభక్తులు తీసుకునేది. తీసుకొను అనే నెమన్‌కు చతుర్థిలో నెమన్నె, దాని ముందు త్సి చేరితే త్సి నెమన్నె, తీసుకోవడానికి. నేటి త్సు నేమెన్‌కు మూలం అదే. విభక్తి ప్రత్యయం అరిగిపోయింది, ముందున్న మాట మిగిలింది.

రెండో పార్టిట్సిప్ ముందున్న గె పూర్వం పని పూర్తయిందని సూచించే ఉపసర్గ. రా, దొరుకు, అగు వంటి క్రియల అర్థంలోనే పూర్తి కావడం ఉంది కాబట్టి వాటికి అది అక్కర్లేకపోయేది. 16వ శతాబ్దపు రాతల్లో గెకొమెన్ బదులు వట్టి కొమెన్ కనిపిస్తుంది. ఈనాడు ఆ పాత అలవాటు ఒక్కచోట నిలిచింది: కర్మణి వాక్యాల్లో గెవోర్డెన్ అనరు, వోర్డెన్ అంటారు.

ఉపవాక్యంలో సమాపకం చివరికి పోవాలన్న నియమం 16, 17 శతాబ్దాల్లో రాతభాషలో గట్టిపడింది. ఆ కాలపు దస్తావేజుల్లోనూ, 18వ శతాబ్దపు సాహిత్యంలోనూ మరో అలవాటు కనిపిస్తుంది: ఉపవాక్యం చివరి సహాయక క్రియను వదిలేయడం. నాఖ్‌డేమ్ ఎర్ జోల్షెస్ గెజాగ్ట్, అంటే అతను అలా అన్న తర్వాత. హట్టె ఉండాలి, లేదు. సమాపకం లేని సమాపక వాక్యమన్నమాట. గెజాగ్ట్ చివరన ఉందంటే అది ఉపవాక్యమని చదివేవాడికి తెలుస్తూనే ఉంది కాబట్టి సహాయక క్రియ లేకపోయినా లోటు తెలియలేదు. ఇప్పుడు దాన్ని పాతకాలపు శైలిగానే చూస్తారు.

నేటి వాడుక

దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మాండలికాల్లో ఒంటి భూతకాలం మధ్యయుగాల చివరి నుంచే కనుమరుగవుతూ వచ్చింది. ఇష్ గింగ్ (వెళ్లాను) అనరు, ఇష్ బిన్ గెగాంగెన్ అంటారు. స్విట్జర్లాండ్ మాండలికాల్లో ఆ రూపం పూర్తిగా పోయింది. బవేరియా, ఆస్ట్రియాల్లో వార్ (ఉండెను) వంటి ఒకటి రెండు నిలిచాయి. ఉత్తరాదిలో అది మాటల్లోనూ బతికే ఉంది, కథలూ నవలలూ అంతటా దానితోనే నడుస్తాయి. సమాపక రూపం ఒకటి పోయి, ఆ పనిని సహాయకమూ పార్టిట్సిప్ కలిసి చేపట్టాయి. భూతానికి ముందరి భూతం చెప్పాల్సివస్తే దక్షిణాదివారు ఇంకో పార్టిట్సిప్ తగిలిస్తారు: హాట్ గెజాగ్ట్ గెహాబ్ట్.

పని జరుగుతూ ఉందని చెప్పడానికి జర్మన్‌కు ప్రత్యేక రూపం లేదు. రైన్ నదీ ప్రాంతం పేరుతో ప్రసిద్ధమైన ఒక వాడుక ఆ లోటు తీరుస్తోంది. ఇష్ బిన్ ఆమ్ ఆర్బైటెన్, పనిచేస్తూ ఉన్నాను. ఇన్ఫినిటివ్‌ను నామంగా చేసి ముందు ఆమ్ పెట్టడమే. ఇది ఇప్పుడు ఆ ప్రాంతం దాటి చాలాచోట్ల మాటల్లో వినిపిస్తుంది. సమాపకం చోటు గురించిన నియమాలూ అక్కడక్కడ సడలుతున్నాయి. వైల్ తర్వాత సమాపకాన్ని చివర కాకుండా రెండో చోటే ఉంచి మాట్లాడటం మామూలైపోయింది. బెర్లిన్ వంటి నగరాల్లో అనేక భాషల ఇళ్ల నుంచి వచ్చిన యువకులు 'రేపు నేను వెళ్తాను' వరసలో సమాపకం ముందు రెండు ముక్కలు పెట్టడాన్ని హైకె వీజె తన 2012 నాటి కీట్స్‌డాయిచ్ గ్రంథంలో వివరించారు. అది వచ్చీరాని భాష కాదని, జర్మన్‌లోని కొత్త మాండలికమని ఆమె వాదన.

ఉన్నత చదువులకూ నర్సు ఉద్యోగాలకూ జర్మనీ వెళ్లే తెలుగువాళ్లు పెరగడంతో హైదరాబాద్‌లో జర్మన్ తరగతులకు గిరాకీ ఉంది. గోథె సెంట్రుమ్‌లోనూ, ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలోనూ అక్కడ జర్మన్ బోధిస్తారు. ఇంగ్లిష్ దారిలో జర్మన్‌లోకి వెళ్లేవారికి ఉపవాక్యం చివరి సమాపకమూ, నామానికి ముందుండే పొడవాటి పార్టిట్సిప్ పదబంధాలూ అడ్డం తగులుతాయి. తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుంటే ఆ రెండూ తేలిక. శ్రద్ధ పెట్టాల్సింది ప్రధాన వాక్యంలోని రెండో చోటు మీద, ఒక్కొక్క క్రియ తన కింది క్రియను ఏ స్థితిలో అడుగుతుందన్న దాని మీద.

ఆ స్థితులు కూడా ఇంకా కదులుతూనే ఉన్నాయి. అవసరం ఉండు అనే బ్రౌఖెన్ రెండో స్థితిని అడిగే క్రియ, త్సు తప్పనిసరి అని బడిలో నేర్పుతారు, పిల్లలకు గుర్తుండేలా ఒక ప్రాసల వాక్యం కూడా ఉంది. మాటల్లో మాత్రం త్సు రాలిపోతోంది. అంతేగాక ఎర్ బ్రౌఖ్ట్ చివరి 'ట్' కూడా చాలామంది నోట పోయి ఎర్ బ్రౌఖ్ అవుతోంది, ఎర్ కాన్, ఎర్ మూస్ లాగే. కింది క్రియను అడిగే స్థితి మారేసరికి, ఆ క్రియ తన సమాపక ప్రత్యయాన్ని కూడా క్యోనెన్ వర్గానికి తగ్గట్టు సర్దుకుంటోంది.